లాంకాస్టరు విమాన రూపశిల్పి రాయ్ చాడ్విక్

బెంగుళూరులో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలలో విమాన కార్ఖానా పేరు వినని ఇల్లు ఉండదు. 1940 డిసెంబరులో వాల్‌చంద్ హీరాచంద్ గారు మైసూరు ప్రభుత్వం వారి తోడ్పాటుతో నెలకొల్పిన హిందూస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీ అది. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసినాక లిబరేటరు అనే అమెరికా బాంబరు విమానాలు కాన్పూరు డిపోలో పనికిరాకుండా చేయబడి పడి ఉండేవి. 1948 నుంచి వాటిని ఒక్కొక్కటిగా ఈ నగరానికి ఎగిరించుకువచ్చి, మన పనివారు తిరిగి ప్రాణం పోశారు. అలా బాగుపడినవి నలభైకి పైగా ఉన్నాయి. 1968 వరకు అవి భారత వైమానిక దళంలో సేవ చేశాయి. ఢిల్లీలో పాలెం విమానాశ్రయం దగ్గరి వైమానిక దళ మ్యూజియంలో ఒకటి ఈనాటికీ నిలిచి ఉంది. నాలుగు ఇంజన్లతో, నాలుగు పెద్ద ప్రొపెల్లర్లతో ఎగిరే బాంబరు అంటే ఏమిటో ఆ రోజులలో ఈ నగరంలో ఉన్న మన పెద్దలకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

ఆ జాతి విమానాలలో ఇంగ్లండువారి లాంకాస్టరు మిక్కిలి పేరుపొందినది. దానిని రూపొందించిన మహాశిల్పి రాయ్ చాడ్విక్. ఆయన జీవితంలో రెండు ఘట్టాలు మనం ప్రత్యేకంగా తెలుసుకోదగినవి. ఒకటి, తన విమానానికి అమర్చిన ఇంజన్లు నమ్మదగినవి కావని తేలినప్పుడు ఆయన ఏమి చేశాడన్నది. రెండవది, ఆయన ప్రాణం ఎట్లా పోయిందన్నది. యంత్రాల దగ్గర పనిచేసేవారు, పిల్లలను ఇంజనీరింగు చదివించే తల్లిదండ్రులు మన సంఘంలో ఎందరో ఉన్నారు. వారందరి కోసం ఈ ఉగాది సంచికలో ఆయన కథ చెప్పుకుందాం.

బాల్యం, విద్య

రాయ్ చాడ్విక్ 1893వ సంవత్సరం ఏప్రిల్ 30వ తేదీన ఇంగ్లండులో లాంకషైరు జిల్లా విడ్నెస్ పట్టణం చెంత జన్మించారు. తండ్రి చార్లెస్ చాడ్విక్ యంత్రాల ఇంజనీరు. ఇంట్లో సిరిసంపదలు లేవు గాని పనిముట్ల చప్పుడు ఉండేది. చిన్ననాటి నుంచే ఆ బాలుడికి గాలిలో ఎగిరే వస్తువులంటే మోజు. ఆయన పదేళ్ళ వాడుగా ఉన్నప్పుడు, 1903 డిసెంబరులో, అమెరికాలో రైటు సోదరులు తొలిసారిగా విమానం ఎగిరించారు. అంటే ఈ శాస్త్రమూ, ఈ బాలుడూ ఇంచుమించు కలిసి పెరిగారన్నమాట.

పెద్ద విశ్వవిద్యాలయంలో చదివే భాగ్యం ఆయనకు కలగలేదు. మాంచెస్టరు నగరంలో బ్రిటిష్ వెస్టింగ్‌హౌస్ అనే విద్యుత్ యంత్రాల కంపెనీలో డ్రాయింగులు గీయడం నేర్చుకున్నారు. పగలు పని, రాత్రి చదువు. 1907 నుంచి 1911 వరకు మునిసిపల్ సాంకేతిక కళాశాలలో రాత్రి తరగతులకు వెళ్ళారు. ఉదయం కార్ఖానా గంట మోగగానే పరుగెత్తి, సాయంత్రం పుస్తకాల సంచి తగిలించుకుని బడికి పోయిన మన పెద్దలకు ఆ కష్టం ఎట్టిదో తెలుసు.

1911లో, పద్దెనిమిదవ ఏట, ఆయన ఆలియట్ వెర్డన్ రో అనే విమాన నిర్మాత దగ్గర చేరారు. రో గారి పేరు నుంచే ఆవ్రో అనే కంపెనీ పేరు పుట్టింది. కాన్పూరులో తయారై, 1961లో తొలిసారి ఎగిరి, ఆ తరువాత మన ఊళ్ళ మీదుగా ఏళ్ళ తరబడి తిరిగిన ఆవ్రో విమానాలు చాలామందికి గుర్తే. ఆ పేరుకు మూలం ఇదే. చాడ్విక్ చేరిననాడు ఆవ్రో కంపెనీ మాంచెస్టరులో ఒక పాత నూలుమిల్లు కింది అంతస్తులో ఉండేది. రో గారి సోదరుడు హంఫ్రీ పంట్లాములు జారకుండా భుజాలకు తగిలించుకునే పట్టీలు తయారు చేసేవాడు. ఆ పట్టీల వ్యాపారమే విమానాల వ్యాపారాన్ని పోషించింది. అట్టి చోట మన కథానాయకుడు డ్రాయింగు బల్ల ముందు కూర్చున్నారు.

ఆముదంతో నడిచిన ఇంజను

1913లో వెలువడిన ఆవ్రో 504 అనే విమానం పనిలో చాడ్విక్ చేతులు ఉన్నాయి. మొదటి ప్రపంచ యుద్ధంలోనూ ఆ తరువాతనూ వేలాది యువకులు విమానం నడపడం దాని మీదనే నేర్చుకున్నారు. దాని మొదటి ఇంజను శక్తి 80 అశ్వశక్తి మాత్రమే. అది విచిత్రమైన ఇంజను. మన మోటారు కార్లలో వలె సిలిండర్లు కదలకుండా ఉండి ఇరుసు తిరగడం కాక, ఇరుసు కదలకుండా ఉండి సిలిండర్లన్నీ ప్రొపెల్లరుతో కలిసి గిర్రున తిరిగేవి. దానికి కందెనగా వాడింది మన తలకు రాసుకునే ఆముదమే. ఇంజను తిరుగుతుంటే ఆ నూనె తుంపరలు నడిపేవాడి ముఖం మీద పడేవి. ఏ చెట్టూ లేనిచోట ఆముదపు చెట్టే మహావృక్షమన్నట్టు, ఆ రోజులలో 80 అశ్వశక్తి అంటే గొప్పే.

యుద్ధం ముగిసేనాటికి, పాతికేళ్ళ వయసులోనే, చాడ్విక్ ఆవ్రో కంపెనీకి ముఖ్య రూపశిల్పి అయ్యారు. ఆయన కేవలం కాగితం మీద గీతలు గీసి ఊరుకునే మనిషి కాదు. విమానం నడపడం తానూ నేర్చుకోవాలనుకున్నారు. 1920లో తాను రూపొందించిన బేబీ అనే చిన్న విమానాన్ని నడుపుతూ కూలి, తీవ్రంగా గాయపడ్డారు. చాలాకాలం చికిత్స అవసరమైంది. ఆ సంవత్సరమే వివాహం చేసుకున్నారు. ఆ దంపతులకు ఇద్దరు కుమార్తెలు.

1922లో ఆయన ఆల్డర్‌షాట్ అనే బాంబరుకు 1000 అశ్వశక్తి గల నేపియర్ కబ్ ఇంజనును అమర్చి ఎగిరించి చూపారు. పదేళ్ళలో 80 నుంచి 1000కి! 1928లో బెర్ట్ హింక్లర్ అనే సాహసి ఒంటరిగా ఇంగ్లండు నుంచి ఆస్ట్రేలియాకు పదిహేను రోజులలో ఎగిరివెళ్ళింది చాడ్విక్ గీసిన ఏవియన్ విమానం మీదనే. 1935లో ఎగిరిన ఆన్సన్ విమానాలు ఇంగ్లండులోనూ కెనడాలోనూ కలిపి పదకొండు వేల దాకా తయారయ్యాయి. ఇన్ని విజయాల తరువాత ఆయన ఎదుట ఒక పెద్ద పరీక్ష నిలిచింది.

రెండు రాబందులు

1936లో బ్రిటిషు ప్రభుత్వం ఒక పెద్ద బాంబరు కావాలన్నది. రెండే ఇంజన్లు ఉండాలి, అయినా భారం ఎక్కువ మోయాలి, పొడవైన టార్పెడోలు కూడా పట్టాలి అని షరతులు పెట్టింది. చాడ్విక్ రూపొందించిన విమానానికి తమ నగరం పేరే పెట్టి మాంచెస్టరు అన్నారు. దాని పొట్టలో ముప్పైమూడు అడుగుల పొడవున అడ్డులేని చోటు ఉంచారు. ఈ ఒక్క సంగతి ముందు ముందు ఎంత ఉపకరించిందో చూస్తారు.

రెండే ఇంజన్లతో అంత భారం ఎత్తాలంటే ఒక్కొక్క ఇంజను మహాబలవంతం కావాలి. అందుకు రోల్స్ రాయిస్ కంపెనీవారు వల్చర్ అనే కొత్త ఇంజను తయారు చేస్తున్నారు. వల్చర్ అంటే రాబందు. వేటపక్షుల పేర్లు పెట్టడం ఆ కంపెనీవారి ఆచారం. పన్నెండేసి సిలిండర్ల ఇంజన్లు రెండింటిని, ఒకటి నిటారుగా ఒకటి తలక్రిందుగా, ఒకే ఇరుసుకు కలిపితే ఎట్లా ఉంటుందో అట్లా ఉంటుంది వల్చర్. ఎదురుగా నిలిచి చూస్తే సిలిండర్ల వరుసలు నాలుగూ గుణకారపు గుర్తులా కనబడతాయి. మొత్తం ఇరవైనాలుగు సిలిండర్లు. నాలుగు సిలిండర్ల తోపుడు కడ్డీలు ఇరుసు మీద ఒకే మెలికకు తగిలి దానిని తిప్పాలి. నలుగురు పట్టి లాగే చేదతాడు ఒకే గిలక మీద పడినట్టు భారమంతా ఆ చోట పడింది. అక్కడి బేరింగులు వేడెక్కి చెడిపోయేవి. కడ్డీలు విరిగి ఇంజను పగిలేది, మంటలు లేచేవి. 1,700 అశ్వశక్తికి పైగా ఇవ్వగలదనుకున్న ఇంజనును 1,500 దగ్గర ఆపి జాగ్రత్తగా నడపవలసివచ్చింది.

1939 జులై 25న మాంచెస్టరు మొదటిసారి ఎగిరింది. 1940 నవంబరులో దళంలో చేరింది. 1941 ఫిబ్రవరిలో మొదటి దాడికి వెళ్ళింది. నాలుగు ఇంజన్ల విమానంలో ఒకటి ఆగితే మూడు మిగులుతాయి. మాంచెస్టరులో ఒకటి ఆగితే మిగిలేది ఒక్కటే. బరువుతో ఉన్న విమానాన్ని ఆ ఒక్కటి నిలబెట్టలేకపోయేది. శత్రువు తుపాకి తగలకుండానే కొన్ని విమానాలు ఇంజను చెడి పోయాయి, వాటితో మనుషులూ పోయారు.

ఇట్టి సమయంలో రూపశిల్పి మనసు ఎట్లా ఉంటుంది? తప్పు ఇంజనుది, నాది కాదని చేతులు దులుపుకోవచ్చు. విమానం పూర్తిగా పనికిరాదని వదిలేయనూవచ్చు. చాడ్విక్ ఈ రెండూ చేయలేదు. శరీరం గట్టిది, గుండె మాత్రమే బలహీనమని ఆయన కనిపెట్టారు. కంపెనీ వ్యవహారాలు చూసే రాయ్ డాబ్సన్ ఆయనకు కొండంత అండగా నిలిచాడు. ఆవ్రో కార్ఖానాలలో మాంచెస్టరు ఆపి మరొక కంపెనీవారి హాలిఫాక్సు బాంబరు తయారు చేయండన్న ఆలోచన ప్రభుత్వంలో ఉండేది. ఆ ఆలోచన గట్టిపడకముందే తమ మార్గం సరియైనదని ఇద్దరూ రుజువు చేయవలసి వచ్చింది.

నాలుగు డేగలు

మెర్లిన్ అనేది రోల్స్ రాయిస్‌వారి మరొక ఇంజను. మెర్లిన్ అంటే ఒక చిన్న డేగ. పన్నెండు సిలిండర్లు, ఇరవైయేడు లీటర్ల పరిమాణం. వల్చర్ కంటే చిన్నది, అయితే నమ్మదగినది. 1940 వేసవిలో ఇంగ్లండును కాపాడిన స్పిట్‌ఫైరు, హరికేను యుద్ధ విమానాలలో రాత్రింబగళ్ళు పనిచేసి రాటుదేలినది. చాడ్విక్ మాంచెస్టరు విమానం నడిమిభాగాన్ని ఉన్నది ఉన్నట్టు ఉంచి, రెక్కలను తొంభై అడుగుల నుంచి నూటరెండు అడుగులకు పొడిగించి, రెండు రాబందులకు బదులు నాలుగు డేగలను కట్టారు.

1941 జనవరి 9న మాంచెస్టరు దగ్గరి రింగ్‌వే విమానాశ్రయంలో శామ్ బ్రౌన్ అనే పైలటు దానిని ఎగిరించాడు. మొదటి ప్రయాణంలోనే అది మేలుజాతి గుర్రమని తెలిసిపోయింది. దానికి లాంకాస్టరు అని పేరు పెట్టారు. ఆ సంవత్సరం డిసెంబరులో అది దళానికి చేరింది. 1942 మార్చిలో పని మొదలుపెట్టింది. జూను నాటికి మాంచెస్టరు విమానాలను దాడుల నుంచి విరమింపజేశారు.

ఇక్కడ ఇంజను, ప్రొపెల్లరు పనితీరు కొంచెం వివరిస్తాను. పైకి పోయినకొద్దీ గాలి పలచబడుతుంది. ఇరవైవేల అడుగుల ఎత్తున నేల మీది గాలిలో సగమే చిక్కదనం ఉంటుంది. మనకు ఊపిరాడనట్టే ఇంజనుకూ ఆడదు. అందుకని మెర్లిన్ వెనుకభాగంలో ఒక బలమైన పంకా ఉంటుంది. కొలిమితిత్తి నిప్పుకు గాలి ఊదినట్టు అది ఇంజనులోకి గాలిని అదిమి పంపుతుంది. దీనినే సూపర్‌చార్జరు అంటారు. లాంకాస్టరుకు వాడిన మెర్లిన్‌లో ఆ పంకాకు రెండు వేగాలు ఉన్నాయి, కింద ఒకటి, పైన ఒకటి. తొలి లాంకాస్టర్లలో ఒక్కొక్క ఇంజను ఎగిరే సమయంలో 1,280 అశ్వశక్తి ఇచ్చేది. తరువాతి వాటిలో అది 1,600 దాటింది.

ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంది. ప్రొపెల్లరు వ్యాసం పదమూడు అడుగులు. అంత పెద్దది అంత వేగంతో తిరిగితే దాని కొసలు ధ్వని వేగాన్ని మించిపోయి, గాలిని లాగడం మాని వృథాగా కొట్టుకుంటాయి. అందుకని నడుమ పళ్ళచక్రాలు పెట్టి ప్రొపెల్లరు వేగాన్ని సుమారు 1,260 చుట్లకు తగ్గించారు.

ఆ ప్రొపెల్లరు కూడా మామూలుది కాదు. హైడ్రోమాటిక్ అనే అమెరికా పద్ధతిని డి హావిలండ్ కంపెనీవారు ఇంగ్లండులో తయారు చేసేవారు. మూడు బ్లేడులూ మొదళ్ళ దగ్గర ఇటూ అటూ మెలి తిరగగలవు. మధ్యనున్న డిప్పలోకి నూనె ఒత్తిడితో వస్తుంది, పిస్టను కదులుతుంది, పళ్ళచక్రాలు బ్లేడులను తిప్పుతాయి. విమానం నేల విడిచేటప్పుడు బ్లేడులు గాలిని కొంచెం కొంచెంగా కోస్తాయి. వేగం అందుకున్నాక ఎక్కువ వాలుగా తిరిగి పెద్ద పెద్ద ముక్కలుగా కోస్తాయి. ఇదంతా ఒక గవర్నరు తనంతట తానే చూసుకుంటుంది, ఇంజను వేగం మాత్రం మారదు.

అన్నిటికంటే ముఖ్యం మరొకటుంది. ఇంజను ఆగిపోతే ఎదురుగాలి ప్రొపెల్లరును ఊరికే తిప్పుతూ విమానాన్ని వెనక్కి లాగుతుంది. అప్పుడు ఒక మీట నొక్కితే బ్లేడులు గాలికి అంచువాటంగా తిరిగి నిలిచిపోతాయి. గోదావరిలో పడవవాడు తెడ్డు పలకను అంచు మీదికి తిప్పితే నీళ్ళు అడ్డుకోనట్టే, గాలి అడ్డుకోదు. మిగిలిన మూడు ఇంజన్లతో విమానం నడుస్తుంది. ఈ సదుపాయం వల్ల, ఇంజను చెడినా, మనుషులు ఇల్లు చేరారు. బెంగుళూరులో బాగుచేసిన లిబరేటరు విమానాల ఇంజన్లు వేరు జాతివి, గాలితో చల్లబడేవి. అయితే వాటి ప్రొపెల్లర్లూ ఈ హైడ్రోమాటిక్ కుటుంబానివే.

చాడ్విక్ మరొక ముందుచూపు కూడా చూపారు. విమానాన్ని పెద్ద పెద్ద భాగాలుగా వేరువేరు కార్ఖానాలలో కట్టి, లారీల మీద తెచ్చి ఒకచోట కలిపే విధంగా దానిని రూపొందించారు. ఇంజనుతో పాటు దాని రేడియేటరు, గొట్టాలు, కప్పు అన్నీ ఒకే మూటగా ఉండేవి. చెడినదాన్ని విప్పి కొత్తది తగిలించడం సులభమైంది. మెర్లిన్ ఇంజన్లు చాలవని అమెరికాలో డిట్రాయిట్ నగరంలోని పాకార్డ్ మోటారు కంపెనీవారితో తయారు చేయించారు. వారు 55,000కు పైగా చేశారు. ఆ ఇంజన్లూ కరువైతే ఏమవుతుందోనన్న ముందుజాగ్రత్తతో బ్రిస్టల్ కంపెనీవారి హెర్క్యులీస్ ఇంజన్లతో 300 లాంకాస్టర్లు చేశారు. కెనడాలో 430 తయారయ్యాయి. మొత్తం 7,377 లాంకాస్టర్లు వెలువడ్డాయి. ఆ కార్ఖానాలలో అంతకుముందు సుత్తి పట్టని స్త్రీలు వేలాదిగా పనిచేశారు.

కీర్తి, దాని నీడ

1943 మే 16 రాత్రి జర్మనీలోని ఆనకట్టల మీద పందొమ్మిది లాంకాస్టర్లు దాడి చేశాయి. బార్నెస్ వాలిస్ అనే శాస్త్రజ్ఞుడు పీపా వంటి బాంబును తయారు చేశాడు. నీటి మీద పిల్లలు విసిరే చిల్లపెంకులా అది గెంతుతూ పోయి గోడను తాకాలి. అందుకు దానిని నిమిషానికి 500 చుట్లు వెనక్కి తిప్పి వదలాలి. ఆ అమరికకు విమానం పొట్టను చాడ్విక్ కొద్ది వారాలలో మార్చి ఇచ్చారు. రెండు పెద్ద ఆనకట్టలు తెగాయి. ఎనిమిది విమానాలు తిరిగిరాలేదు, 53 మంది వైమానికులు చనిపోయారు. వరదలో 1,300 మందికి పైగా మునిగిపోయారు. వారిలో అనేకులు జర్మనులు బలవంతంగా తెచ్చి పనిచేయించుకుంటున్న పరదేశపు స్త్రీలు. ఆ సంవత్సరమే రాజుగారు చాడ్విక్‌కు సి.బి.ఇ. బిరుదు ఇచ్చారు. 1944లో మాంచెస్టరు విశ్వవిద్యాలయం గౌరవ పట్టం ఇచ్చింది. రాత్రి బడిలో చదివిన కుర్రవాడికి ఆ నగరపు విశ్వవిద్యాలయమే పట్టం కట్టింది.

ఈ కీర్తి వెనుక నీడను దాచడం ధర్మం కాదు. లాంకాస్టర్ల దాడులలో జర్మనీ నగరాలు కాలిపోయాయి. 1943 జులైలో హాంబర్గులో ముప్పైవేల మందికి పైగా, 1945 ఫిబ్రవరిలో అమెరికా విమానాలతో కలిసి చేసిన దాడులలో డ్రెస్డెన్‌లో సుమారు ఇరవైఐదువేల మంది చనిపోయారు. వారిలో ముసలివారు, పసివారు ఎందరో. ఎగిరి వెళ్ళినవారి సంగతీ దయనీయమే. బ్రిటిషు బాంబరు దళంలో 55,573 మంది చనిపోయారు. వారిలో చాలామంది ఇరవై రెండు మూడేళ్ళ కుర్రవాళ్ళు. మూడువేలకు పైగా లాంకాస్టర్లు ఇల్లు చేరలేదు. నాజీల దుర్మార్గాన్ని అణచడం అవసరమే. అయినా ఆ అంకెలు చదివినప్పుడు మనసు బరువెక్కక మానదు.

అదే విమానం అన్నమూ పెట్టింది. 1945 ఏప్రిల్ చివర హాలెండు పశ్చిమభాగంలో జర్మనుల ముట్టడిలో చిక్కిన జనం ఆకలితో మాడిపోతున్నారు. అప్పటికే వేలాదిమంది చనిపోయారు. ఏప్రిల్ 29 నుంచి మే 8 వరకు లాంకాస్టర్లు తక్కువ ఎత్తున ఎగురుతూ ఆరువేల టన్నులకు పైగా ఆహారపదార్థాలు జారవిడిచాయి. టార్పెడోల కోసమని ఉంచిన ఆ ముప్పైమూడు అడుగుల పొట్టలోనే పదిటన్నుల బాంబూ పట్టింది, పిండి బస్తాలూ పట్టాయి. యంత్రానికి పాపపుణ్యాలు లేవు, దానిని పంపిన చేతులకే ఉన్నాయి.

చివరి ప్రయాణం

యుద్ధకాలంలోనే చాడ్విక్ లాంకాస్టరు రెక్కలనూ ఇంజన్లనూ ఉపయోగించి యార్క్ అనే ప్రయాణీకుల విమానం చేశారు. మౌంట్‌బాటన్ ప్రభువు వాడిన విమానం ఆ జాతిదే. లాంకాస్టరుకు పెద్ద తమ్ముడి వంటి లింకన్ బాంబరు 1944లో ఎగిరింది. ఆ తరువాత శాంతికాలపు ప్రయాణాలకు ట్యూడర్ అనే విమానాన్ని రూపొందించారు. శబ్దవేగానికి దగ్గరగా పోగల త్రికోణపు రెక్కల బాంబరు ఊహ కూడా ఆయన బల్ల మీద రేఖలుగా రూపుకట్టింది.

1947 ఆగస్టు 23వ తేదీ, శనివారం. ఉడ్‌ఫర్డు విమానాశ్రయంలో రెండవ రకం ట్యూడరును పరీక్షగా ఎగిరిస్తున్నారు. బిల్ థార్న్ అనే అనుభవశాలి పైలటు. చాడ్విక్ కూడా ఎక్కారు. తన చేతిమీదుగా వెలువడిన విమానంలో ఎక్కడానికి ఆయన ఏనాడూ వెనుదీయలేదు.

విమానం నేల విడిచింది. కొద్ది ఎత్తుకు పోగానే ఒక రెక్క వాలింది. సరిచేయడానికి పైలటు తిప్పిన కొద్దీ ఇంకా వాలింది. రెక్క కొన నేలకు తగిలింది, విమానం కూలింది. చాడ్విక్, థార్న్, మరి ఇద్దరు చనిపోయారు. ఆయనకు అప్పటికి యాభైనాలుగేళ్ళు.

కారణం ఏమిటి? ఇంజన్లలో లోపం లేదు, ప్రొపెల్లర్లలో లోపం లేదు, రూపంలోనూ లేదు. రెక్కల చివర వెనుక అంచున ఎయిలెరాన్లు అనే కదిలే పలకలు ఉంటాయి. ఒకటి పైకి లేస్తే రెండవది కిందికి వంగుతుంది. అవే విమానాన్ని ఇటూ అటూ వాలుస్తాయి. ముందుగా జరిగిన మరమ్మతులో వాటిని నడిపే తీగలను ఎవరో తారుమారుగా బిగించారు. కుడికి తిప్పితే విమానం ఎడమకు వాలుతుంది. ఎగిరే ముందు చక్రం తిప్పి చూస్తే పలకలు కదులుతూనే ఉంటాయి. కదులుతున్నాయా అని చూస్తే చాలదు, ఎటు కదులుతున్నాయి అని చూడాలి. ఆ ఒక్క చూపు లోపించింది.

ఇరవైనాలుగు సిలిండర్ల ఇంజనులో లోపాన్ని కనిపెట్టి విమానాన్నే మార్చివేసిన మహామేధావి, రెండు తీగల తారుమారుకు బలి అయ్యారు. కాగితం మీద ఎంత గొప్పగా గీసినా, యంత్రం ప్రాణం చివరి మరను బిగించినవాడి చేతిలోనూ, దానిని సరిచూసినవాడి కంటిలోనూ ఉంటుంది. ప్రపంచంలో ఇంజనీర్లు ఈ సంగతిని తలచుకుని, అటుదిటు తగిలించడానికి అసలు వీలులేకుండా భాగాలను రూపొందించడం అభ్యసించారు.

ఆ ప్రమాదంలో బ్రతికి బయటపడినవారిలో స్టువర్ట్ డేవిస్ అనే సహచరుడు ఒకరు. ఆయనే చాడ్విక్ స్థానంలో నిలిచి త్రికోణపు రెక్కల విమానాన్ని పూర్తిచేశారు. వల్కన్ అనే పేరుతో అది 1952 ఆగస్టు 30న ఎగిరింది. గురువు వెలిగించిన దీపాన్ని శిష్యుడు ఆరనివ్వలేదు. ఏడువేలకు మించి తయారైన లాంకాస్టర్లలో ఎగిరే స్థితిలో భద్రపరచినవి నేడు రెండే, ఒకటి ఇంగ్లండులో, ఒకటి కెనడాలో. పండుగల నాడు అవి గాలిలోకి లేస్తే నాలుగు మెర్లిన్ల ఘోష వినడానికి జనం పొలాల గట్ల మీద నిలబడతారు.

సోదరులారా, సోదరీమణులారా, మన పిల్లలలో కొందరు విమాన కార్ఖానాలలో, కొందరు రైల్వే వర్క్‌షాపులలో, కొందరు విద్యుత్ కేంద్రాలలో పనిచేస్తున్నారు. ఉగాది నాడు తెలుగింటివారు పంచాంగం విని కొత్త సంవత్సరపు లెక్కలు సరిచూసుకుంటారు. ఆ సరిచూసుకునే అలవాటును పనిచోటికి కూడా తీసుకువెళ్ళండి. మీరు బిగించిన మర మీద ఎవరో తెలియని మనిషి ప్రాణం ఆధారపడి ఉంటుంది. దానిని మరొక్కసారి చూడండి. అది కదిలిందా అని కాక, ఎటు కదిలిందో చూడండి. రాయ్ చాడ్విక్ స్మృతికి అంతకు మించిన నివాళి లేదు.